ఎలోదియా నడుం మీద తడిగుడ్డ

ఎవేలియో కారు పొద్దున్నే కూత పెడితే తప్ప మా వీధిలో కాఫీ గిన్నె పొయ్యి ఎక్కదు. ముప్పయ్యేళ్లుగా శాంతియాగోలో అదే పాత షెవర్లే టాక్సీ. మొన్న మార్చిలో దాని ఇంజను చచ్చింది. వేరే బండి ఇంజను దిమ్మ, అదే బ్లాకు, తెచ్చి, మళ్లీ కొత్తగా కట్టింది ఆయన కూతురు మిగ్దాలియా. ఆడపిల్ల కట్టిన ఇంజను కాఫీ కాచుకోవడానికే పనికొస్తుందని మా మగాళ్లు డొమినోలు ఆడుకుంటూ నవ్వారు. ఖర్మ కాలి అది నిజంగానే కాగింది.

ఊరి బయట బోనియాతో అనే కొండని కారు సగం ఎక్కేసరికి ఒకటే ఆవిరి. శనివారానికల్లా కారు కొండ ఎక్కితే బండ్లు బాగుచేసే షెడ్డు తాళంచెవి నీది, లేకపోతే మీ అత్త దగ్గర కుట్టుపనికి పో అన్నాడు ఎవేలియో. పిల్ల తిండి మానేసింది. రేడియేటరు కడిగింది, పంపు విప్పి చూసింది, ఫ్యాను బెల్టు బిగించింది. అన్నీ బాగానే ఉన్నాయి. కారు మాత్రం కాగుతూనే ఉంది.

ఆ వారమంతా ఆమె నానమ్మ ఎలోదియాకీ ఒళ్లు కాలిపోతోంది. ఆ ముసలావిడకి సొంత జ్వరం ఎన్నడూ రాలేదు. పక్కింటి మేకకి వస్తే ఈవిడకొచ్చేది. బేకరీవాడైతే పొయ్యి వేడి ఎంతుందో తెలుసుకోడానికి, రొట్టెలు మాడకుండా గంటకోసారి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకు చూసి పోయేవాడు. ఈసారి ఎవరి జ్వరమో అడిగే తీరిక మాత్రం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

శుక్రవారం మూడోసారి కొండ మధ్యలోంచి వెనక్కొచ్చిన మిగ్దాలియా, కళ్లు తుడుచుకుంటూ నానమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

"అక్కడ కాదే పిచ్చిమొహమా, నడుం మీద వెయ్యి. మెడ దగ్గర చల్లగానే ఉంది."

మిగ్దాలియా ఆవిడ వెన్నుపూస మీద చెయ్యి పెట్టి కిందికి జరిపింది. మెడ చల్లన, మధ్యలో గోరువెచ్చన, నడుం దగ్గర పెనం. ఇంజనులో వరసగా ఆరు సిలిండర్లు. ఆఖరిది వెనకాల, ఒంటికి నడుంలా. గుడ్డ అక్కడే పడేసి షెడ్డుకి పరిగెత్తింది.

ఇంజను మూత, అదే హెడ్డు, కింద నీళ్లు కారకుండా వేసే గ్యాస్కెట్ రేకు మా ఊళ్లో కొంటే దొరకదు. పాతదాన్ని రేకు మీద పరిచి, గీత గీసి, చేత్తో కోసుకోవాల్సిందే. ఆమె అలాగే కోసింది. ఇప్పుడు హెడ్డు విప్పి చూస్తే, బ్లాకులో ఆఖరి సిలిండరు వెనక ఇంజన్ని చల్లబరిచే నీళ్లు పైకెక్కే రంధ్రం ఉంది. రేకులో అక్కడ రంధ్రం లేదు. పాతదాన్లోనూ లేదు.

ఆ పాతదాన్ని తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టింది. ఎవేలియో రంధ్రం లేని చోట వేలు పెట్టి తడిమాడు. ఆమె పుట్టిన ఏడు పాత బ్లాకు అక్కడ చీలితే, నీళ్లు కారకుండా ఆ రంధ్రం పెట్టకుండా రేకు కోసింది తనే. ఆ సంగతే మర్చిపోయాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"నన్ను నమ్మి కోశావు తల్లీ. తప్పు నాది."

"మరి కుట్టుపని?"

"దానికి నేను పోతాలే."

రంధ్రం కోసి, హెడ్డు బిగించి, శనివారం పొద్దున బయల్దేరారు. కప్పిన శాలువా ముందు సీట్లోకి విసిరేసి, జ్వరం ఒంటితోనే ఎలోదియా వెనక సీట్లో కూర్చుంది. నేను వస్తే తప్పేంటని మొండికేసింది మరి. కారు సగం కొండ దాటింది. ఆవిరి లేదు. చివరి మలుపూ దాటింది. ఎవేలియో మెడలో తాడుకున్న షెడ్డు తాళంచెవి తీసి కూతురి ఒళ్లో పెట్టాడు. మిగ్దాలియా స్టీరింగు వదలకుండానే ఏడ్చేసింది.

వెనక నుంచి ఎలోదియా చల్లబడిన చేత్తో ఆమె భుజం తట్టింది.

"ఏడుపు తర్వాత గానీ, ఆ శాలువా ఇటివ్వవే. చలేస్తోంది."