గుమ్మం ముందు బూట్లు

ఉప్పు అని రాసి డబ్బాకి అంటించాక తట్టింది, ఈ ఏడు నెలల్లో నేను పూర్తి చేసిన రచన ఇదొక్కటేనని, పైగా మొదటి చీటీలో అక్షరాలు వంకరగా వచ్చాయని చింపేసి మళ్ళీ రాశాను, అంటే దిద్దుబాటు కూడా జరిగింది, ఇక పంచదార, దానికి చీటీ ఎందుకు, ఈ ఇంట్లో ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియనివాళ్ళు ఎవరున్నారు, మా ఆయనున్నారు, సరే రాద్దాం, గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలు, పన్నెండుకి సంపాదకులవారు ఫోన్ చేస్తారు, కథ అయిపోయిందండీ, సాపు రాయడం ఒక్కటే మిగిలింది అని నిన్న చెప్పింది నేనే, తొణక్కుండా బెణక్కుండా, ఒక్క వాక్యం లేని కథకి సాపు, ప్రత్యేక సంచికలో నాలుగు పేజీలు నాకోసం అట్టిపెట్టారట, ఈసారీ తప్పితే ఇక అడగనని అనలేదు, మర్యాదస్తులు, మీ ఆరోగ్యం బాగానే ఉందా అని మాత్రం అడిగారు, అదే ఎక్కువ భయపెట్టింది.

నేను రాస్తున్నప్పుడు ఈ ఇంట్లో కూర మాడుతుంది, బట్టలు తీగ మీదే రెండు రోజులుంటాయి, అందరూ హాయిగా ఉంటారు, రాయనప్పుడు అలమరా వెనకాల కూడా దుమ్ముండదు, గట్టిగా తుమ్మడానికి కూడా ఆలోచిస్తారు, మొన్న అత్తగారు ఆడపడుచుతో ఫోన్లో గొంతు తగ్గించి చెబుతుంటే విన్నాను, కిటికీ అద్దాలు మూడోసారి తుడుస్తోందే, నాకేదో భయంగా ఉంది అని, ఆవిడ గ్లాసు కింద పెట్టేలోపే నేను కడిగేస్తున్నానట, నిజమే, ఈ పొద్దున మా అమ్మాయి తడి తువ్వాలు మంచం మీద పడేసిందని పావుగంట ఉపన్యాసమిచ్చాను, తువ్వాలుతో మొదలుపెట్టి దాని భవిష్యత్తు దాకా వెళ్ళాను, అది బ్యాగు భుజానికి తగిలించుకుని, అమ్మా, నువ్వు కథ రాసుకోమ్మా, మేమేం అనుకోం అంది, వెటకారమైతే బావుండేది, బతిమాలింది, మా ఆయనైతే ఏదో ఒకటి రాసి పారేయ్ అంటారు, లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇరుక్కున్నది ఏదైనా పైనుంచి లాగితే వచ్చేస్తుందనుకుంటారు.

రాయడానికి సరుకు లేకనా, ఎదురింటి పళ్ళ డాక్టరు భార్యతో మాటలు మానేసి, చెప్పాల్సినవన్నీ చీటీలు రాసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నాడు, ఇదివరకైతే వారంలో కథ, ఇప్పుడు మొదటి వాక్యం దగ్గరే ఆ భార్య మొహం కాగితంలోంచి లేచి నన్ను చూస్తుంది, చూస్తుండగానే అక్క మొహమైపోతుంది, వద్దు, పంచదార, జిగురు ఆరిపోతోంది, అక్క గురించి ఆలోచించను, అక్క బాగానే ఉంది.

అక్క లెక్కల టీచరు, బావ వదిలేసి వెళ్ళి మూడేళ్ళు, ఎవరికీ చెప్పలేదు, క్యాంపుకెళ్ళారు, ఒంట్లో బాలేక పడుకున్నారు అని నెట్టుకొస్తూ, బావ వదిలిపోయిన నల్ల బూట్లు గుమ్మం బయట పెట్టేది, ఎప్పుడూ ఒకేచోట ఉంటే అనుమానమొస్తుందని రెండ్రోజులకోసారి కాస్త జరిపేది, వాన పడితే మడమలకి బురద పూసేది, లెక్కల మనిషి కదా, ఏ మెట్టూ వదలదు, నాకొక్కదానికే చెప్పింది, చెప్పి తనే నవ్వింది, నేను ఇంటికొచ్చి నాలుగు రోజుల్లో కథ చేసేశాను, పేర్లు మార్చాను, లెక్కలు తీసి సైన్సు పెట్టాను, ఎంత తెలివి, బూట్లు మాత్రం మార్చలేదు, మారిస్తే కథేముంది, పొట్ట చెక్కలయ్యేలా నవ్వామని ఉత్తరాలొచ్చాయి, అక్క కూడా ఫోన్ చేసింది, చదివానే, బురద సంగతి బాగా రాశావు, నాకూ నవ్వొచ్చింది అంది, అంతే, తర్వాత తను చేయలేదు, నేను చేస్తే పేపర్లు దిద్దుతున్నానే, మళ్ళీ చేస్తా అంటుంది, ఏడు నెలలుగా ఆ పిల్లలు రాస్తున్న పరీక్షలేమిటో, నవ్వొచ్చిందని తనే అంది కదా, మరి కోపమెందుకు, నేను చేసిన తప్పేమిటి, ఈ కేసు రోజుకి నాలుగుసార్లు విచారిస్తాను, వకీలూ నేనే, జడ్జీ నేనే, ప్రతిసారీ గెలుస్తాను, గెలిచి వెళ్ళి కిటికీ అద్దాలు తుడుస్తాను.

ఫోన్ మోగుతోంది, వేళ్ళకి జిగురు, కథ లేదండీ, అసలు మొదలే పెట్టలేదు, నిన్న అబద్ధం చెప్పాను, ఇది నా గొంతేనా, సంపాదకులవారు, పర్లేదమ్మా, ఆ బూట్ల కథే మళ్ళీ వేసేద్దాం, మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరి గుమ్మం ముందు బూట్లు చూసినా నవ్వుకుంటాం అన్నారు, వద్దండీ అన్నాను, అరిచానేమో, అత్తగారు గదిలోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయారు.

ఎవరి గుమ్మం ముందు చూసినా, అంటే అక్క గుమ్మం ముందు కూడా, వాళ్ళ స్కూలు స్టాఫ్ రూముకి ఆ పత్రిక వెళుతుంది, మా చెల్లెలు రాస్తుందని అందరిచేతా చదివించేది అక్కే, తోటి టీచర్లు ఇంటికొచ్చి తలుపు తీసేలోపు కిందికి చూసి ఉంటారు, ఒక్క క్షణం, మడమల వైపు, ఎవరూ ఏమీ అని ఉండరు, అక్క ఆ చూపు చూసి ఉంటుంది, కాఫీ ఇచ్చి, నవ్వి, పంపేసి, అప్పుడు బయటికొచ్చి వంగి ఆ బూట్లు రెండు చేతులతో ఎత్తి లోపలికి తీసుకెళ్ళి ఉంటుంది, లోపల ఎక్కడ పెడుతుంది, పారేసేదైతే మూడేళ్ళ కిందటే పారేసేది, పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయి ఉంటుంది, నాకు అక్క వీపు కనిపిస్తోంది, భుజాలు కనిపిస్తున్నాయి, ఏడు నెలల్లో మొదటిసారి నేను కాని ఇంకో మనిషి కనిపిస్తోంది, నేను రాయలేకపోవడమేమిటి, ఆ కథే ఇంకా అవలేదు, జనం నవ్విన చోట దాన్ని ఆపేసి, అయిపోయిందని అచ్చుకిచ్చేశాను.