అంబుజ టీచరు మాట వచ్చేలోగా

“ఆకరి బస్సు పోతే ఆ అంబుజ టీచరమ్మ యాడ పండుకుంటాది? మీ సంగంలో ఎవురన్నా ఆలోచన చేసినారా?”

సంఘం సభ రోజు పొద్దున్నే సహనకు టిఫిన్ డబ్బా కడుతూ నేను అన్న మాట ఇది. అప్పటికింకా ఏమీ జరగలేదు. నాకంతే, జరగకముందే భయం వస్తుంది. వాన రాకముందే నువ్వు బట్టలు తీసేస్తావని మా ఆయన వెంకటరాయప్ప ఎగతాళి చేస్తాడు. తీయకపోతే తడిసేది ఎవరి బట్టలు?

సహన మా కూతురు. బాగేపల్లిలో ప్రైమరీ స్కూలు టీచరు. తాలూకా ఉపాధ్యాయుల సంఘానికి మహిళా కార్యదర్శి కూడా. పేరు పెద్దదే గాని పని ఒకటే. ఆడ టీచర్లను సంఘంలో చేర్పించాలి, చేరినవాళ్ళు జారిపోకుండా చూసుకోవాలి. చేర్పించడం సహనకు కష్టం కాదు. స్కూటరు మీద ఊరూరా తిరుగుతుంది, వాళ్ళ కష్టం వింటుంది, చేరమంటుంది, చేరతారు. ఏడాది తిరిగి సభ్యత్వం మళ్ళీ కట్టమనేసరికి ఫోను ఎత్తరు. చిల్లు బిందెతో నీళ్ళు మోస్తోంది నా బిడ్డ. ఆ మోతలో స్కూటరు ఎక్కడ జారుతుందో, ఏ లారీ ఎదురొస్తుందో అని ఇంట్లో కూర్చుని నేను చస్తుంటాను.

అంబుజ టీచరు బడి పాతపాళ్యకు అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. సెలవు పెడితే బడికి తాళం. పోయిన వానాకాలంలో ఆమె బిడ్డకు జ్వరం వస్తే, బదులు పంపడానికి మనిషి లేడన్నారట ఆఫీసులో. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను బడికి తెచ్చి, బెంచీ మీద పడుకోబెట్టి పాఠం చెప్పింది. సహన పోయి సంఘంలో చేరమంటే, ఒంటి టీచరు సెలవు పెడితే బదులు టీచరును పంపాలని సంఘం తరఫున అడగండి, నేను చేరతాను అంది. సహన మాట ఇచ్చింది. ఆమె చేరింది. ఆమెను చూసి ఆ పక్క ఊళ్ళ టీచరమ్మలందరూ చేరారు.

పోయిన రెండు సభల్లోనూ ఆ మాట రాలేదు. ఈసారి ఎట్లయినా తెస్తానని సహన ఒట్టు పెట్టినంత పని చేసింది. నేనూ వస్తానన్నాను. ఎందుకమ్మా అంది. ఏమో, వస్తానంతే అన్నాను.

శనివారం ఒంటిపూట బడి కాబట్టి సభ మధ్యాహ్నం పెట్టారు, బస్టాండు పక్కన కల్యాణమంటపంలో. చిక్కబళ్ళాపురం నుంచి జిల్లా నాయకులు రావాలి. వాళ్ళు వచ్చేసరికి టీచరమ్మలు తెచ్చుకున్న డబ్బాలు ఖాళీ అయ్యి, కునుకులూ అయ్యాయి. తర్వాత ప్రార్థన, స్వాగతం, హారాలు. ఆ తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. రిటైరైన మేష్టర్లకు శాలువా, నెత్తిన మైసూరు పేట, చేతిలో పండ్ల బుట్ట, ఒక ఫోటో. కళ్ళు మూసుకుపోయాయని ఇంకో ఫోటో. ప్రమోషన్ వచ్చినవాళ్ళకు సన్మానం. వచ్చిన నాయకులకు సన్మానం. సన్మానం చేసినవాళ్ళకు తిరిగి సన్మానం. వెనక వరసల్లో టీచరమ్మలు ఫోనులో టైము చూసుకోవడం, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం.

సహన మెల్లగా వేదిక ఎక్కి, అంబుజ టీచరు మాట ముందు తీసుకోమని అధ్యక్షుడు రామాంజినప్ప మేష్ట్రును అడిగింది. అది కడపట ‘ఇతర విషయాలు’ కింద వస్తుందన్నాడాయన. పెద్దలను శాలువాతో నిలబెట్టి మధ్యలో ఆపితే మర్యాద కాదన్నాడు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. బస్టాండుకు పోయాను. పాతపాళ్య మీదుగా పోయే ఆఖరి బస్సు అప్పటికే పొగ వదులుతోంది. కండక్టరు పిళ్ళప్ప మా వీధివాడే. కొంచెం సేపు ఆపప్పా, టీచరమ్మలు వస్తారు అని బతిమాలాను.

“బస్సేమన్నా మా నాయినదా పుట్టమ్మత్తా? ఆపితే నాకు మెమో ఇస్తారు. నీ బిడ్డ సంగమొచ్చి నన్ను ఇడిపిస్తాదా?”

బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తిరిగి వచ్చేసరికి టీచరమ్మలు బ్యాగులు చంకన పెట్టుకుని మంటపం మెట్లు దిగుతున్నారు. అందరికంటే వెనక అంబుజ టీచరు. ఉండు తల్లీ అనడానికి నాకు నోరు రాలేదు. ఎట్లా ఉండమంటాను? బిడ్డ ఇంట్లో ఉంది కదా.

నేను లోపలికి పోయేసరికి రామాంజినప్ప మేష్ట్రు మైకులో, ఇక ఇతర విషయాలు అన్నాడు. ఆడవాళ్ళ కుర్చీలు ఖాళీ. ఆయన వాటిని చేత్తో చూపించాడు.

“చూడండప్పా. మన ఆడోళ్ళకి సంగం మీద శ్రద్ధే లేదు. చింతామణి తాలూకావాళ్ళు జిల్లా సభకి బస్సు నిండా ఆడోళ్ళను తెస్తాండారు. మన కార్యదర్శమ్మ కుర్చీలు తెస్తాండాది.”

మగ మేష్టర్లు నవ్వారు. సహన తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పండ్ల బుట్ట ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. కానీ నేను లేచి ఏదైనా అంటే రేపు సహనను గౌరిబిదనూరు పక్క తొండేభావికి బదిలీ వేయిస్తాడేమో, పిల్ల రోజూ అంత దూరం ఎట్లా పోతుందో అని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

మరుసటి రోజు అంబుజ టీచరు సంఘం వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి పోయింది. ఆమె వెనకే ఆ పక్క ఊళ్ళ టీచరమ్మలూ పోయారు. సహన ఫోను చేస్తే ఎత్తదు. మెసేజికి జవాబు లేదు. బస్సు దొరకలేదేమో, చీకట్లో నడిచిపోతూ ఎక్కడైనా పడిందేమో, బిడ్డకేమైనా అయిందేమో అని నేను పోరు పెట్టాను.

సహన విసుక్కుంది. “అమ్మా, మెసేజి చదువుతాండాది. మనిషి బాగానే ఉండాది. నా మొగం చూడను ఇష్టం లేదు, అంతే.”

పోయినవాళ్ళను వెనక్కి తేలేకపోతే పదవి ఇంకొకరికి ఇస్తానని రామాంజినప్ప మేష్ట్రు కబురు పెట్టాడు. నాకు మంచిదే అనిపించింది. వదిలేయి, నీకెందుకీ పీడ అన్నాను. తను వదిలేస్తే ఆ బిడ్డ మళ్ళీ బెంచీ మీదే పడుకుంటుంది అంది సహన. ఆ మాట నాకు ముల్లులా దిగింది.

సహనకైతే సెలవు దొరుకుతుంది, ఆమె బడిలో వేరే టీచర్లున్నారు. ఒక రోజు సెలవు పెట్టి అంబుజ టీచరు ఊరికి బయలుదేరింది. స్కూటరు వద్దు, బస్సులో పోదాం అని నేనూ ఎక్కాను. తిరిగి వచ్చే ఆఖరి బస్సు ఎప్పుడని పిళ్ళప్పను పోతూ అడిగాను, దిగుతూ మళ్ళీ అడిగాను.

అంబుజ టీచరు మమ్మల్ని చూసి, పిల్లలతో రెండు కుర్చీలు వేయించింది. ఒకే గదిలో అన్ని క్లాసులు. ఒక మూలకు లెక్కలిచ్చి ఇంకో మూల పాఠం చెప్పింది. బడి వదిలాక పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె బిడ్డ వచ్చి ఒళ్ళో కూర్చుంది. సహన వసారా మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని, తప్పు సంఘానిదని చెప్పింది, తనదని చెప్పింది, మళ్ళీ చేరమని అడిగింది. అంబుజ టీచరు బిడ్డ జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. అడిగినదానికి అవునని లేదు, కాదని లేదు. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

బస్సు హారను వినిపించింది. నేను లేచాను. సహనా, పద అన్నాను. కదల్లేదు. ఇంకోసారి పిలిచాను. తల తిప్పలేదు. నేనే రోడ్డు మీదికి పరిగెత్తాను.

“ఎక్కు పుట్టమ్మత్తా. ఇంగ పొద్దున్నే బస్సు” అన్నాడు పిళ్ళప్ప.

వెనక్కి చూశాను. అంబుజ టీచరు చేతిలో జడ ఆగిపోయింది. మమ్మల్నే చూస్తోంది, ఎక్కుతామా లేదా అని. మా ఆయనకు అన్నం పెట్టేవాళ్ళు లేరు. నా బీపీ మాత్రలు ఇంట్లో ఉన్నాయి. ఈ ఊళ్ళో పాములుంటాయో ఏమో.

“నువ్వు పో అప్పా” అన్నాను.

ఆ పొద్దు ఆపమని ఏడ్చింది నువ్వే కదా అని గొణుక్కుంటూ ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. నేను వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా అంబుజ టీచరు అటే చూసింది. ఆ తర్వాత జడ చివర రిబ్బను ముడి వేసింది.

“ఈ తూరి సభ మా ఇస్కూల్లో పెట్టండి సహనక్కా. మొదలు మా మాట, ఆ పైన శాలువాలు. ఆకరి బస్సుకి సారోళ్ళు పరిగెత్తనీ. అట్లయితే నా పేరు మల్లా రాసుకో.”