సువార్తమ్మ కడిగి బోర్లించిన అచ్చు

నేను ఒక ఇటుకల అచ్చును. నల్లతుమ్మ చెక్కతో నన్ను చేసిన వడ్రంగి, అమ్మేశాక మళ్లీ నా ముఖం చూడలేదు. మనుషుల మీద నాకు అనుమానం అక్కడే పుట్టింది.

మొదట సువార్తమ్మ తల్లి చేతిలో ఉన్నాను. ఆమె పోయాక గోదావరి గట్టున నాగరాయుడి ఇటుకల బట్టీకి, కూలికి చేరిన సువార్తమ్మతో పాటు వచ్చాను. పొద్దు వాలాక ఆమె నన్ను కాలవలో కడిగి, కొంగుతో తుడిచి, పాకలో తన పక్కనే బోర్లించేది. నాగరాయుడు రోజూ అది గమనించేవాడు. ఆయన కంట పడనిది లేదు. ఇద్దరు పనివాళ్లు నవ్వుకుంటే అది తన గురించే అనుకునేవాడు.

సువార్తమ్మకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు భర్తతో కలిసి పుట్టింటికి, అన్న దగ్గరికి వెళ్తానంది.

"వెళ్తే తిరిగొస్తారా? పక్క బట్టీవాడు మిమ్మల్ని లాక్కుపోవడానికి కాచుకుని ఉన్నాడు," అన్నాడు నాగరాయుడు. ఆదివారం పాస్టరు రత్నంగారిని బట్టీకి పిలిపించి, పనివాళ్లకు అణకువ గురించి చెప్పమన్నాడు. తానూ వెనక కుర్చీ వేసుకున్నాడు.

పాస్టరు బైబిల్లోని ఐగుప్తు దేశం కథ ఎత్తుకున్నారు. ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసే బానిసలు ఎందుకయ్యారు? "అన్నలు తమ్ముడు యోసేపును ఐగుప్తుకు అమ్ముకున్నారు. ఆ పాపం పిల్లల మెడకు చుట్టుకుంది."

"అయ్యగారూ," అంది సువార్తమ్మ, "యోసేపు వాళ్లని క్షమించి, కూడు పెట్టి, అక్కడే ఉంచుకున్నాడు కదండీ. ఇంకా పాపం ఎక్కడ మిగిలింది?"

"వాళ్ల మూలపురుషుడు అబ్రాహాముకి దేవుడు ముందే చెప్పాడమ్మా, నీ సంతానం పరాయి దేశంలో దాస్యం చేస్తుందని."

"చెప్పాడండీ. చేయించమని ఐగుప్తు రాజు ఫరోకి చెప్పలేదు కదా. తర్వాత వచ్చిన, యోసేపును ఎరగని ఆ ఫరో ఏమనుకున్నాడో, అదీ చదవండి."

భర్త ఏసోబు మోచేత్తో పొడిచాడు. "కడుపుతో ఉన్నదానివి, నీకెందుకే?"

"కడుపుతో ఉన్నాను కాబట్టే."

పాస్టరు గొంతు తగ్గించి చదివారు. ఈ జనం మనకంటే పెరిగిపోతున్నారు, శత్రువుతో చేయి కలిపి దేశం విడిచి పోతారేమో, ముందే అణచాలి. వాళ్లు చేసిన తప్పు అందులో ఎక్కడా లేదు. ఉన్నదల్లా రాజు భయం.

ఎవరూ వెనక్కి తిరగలేదు. కుర్చీ కిర్రుమంది.

తనను ఎవరూ ఫరో అనలేదు. అదే నాగరాయుణ్ణి తినేసి ఉంటుంది. మర్నాడు వచ్చి, "వెళ్లండి. అచ్చు మాత్రం ఇక్కడుంచు," అన్నాడు. తల్లి వాడిన అచ్చు, ఇంత ముద్దుగా చూసుకునే అచ్చు. దీనికోసమైనా తిరిగొస్తుందని ఆయన ధీమా. నన్ను తన గదిలో పెట్టి తాళం వేశాడు. నాకూ అదే ధీమా.

గోడ అవతల ఏసోబు గొణిగాడు. "మీ అమ్మదే అది. రోజూ కడిగి పెట్టుకునేదానివి."

"అచ్చులో మట్టి ఎండితే పొద్దున ఇటుక ఊడిరాదు, అందుకు కడిగాను. తుమ్మచెట్లకేమన్నా కరువా, ఇంకోటి చేయించుకుందాం. పద."

ఆటో వెళ్లిపోయింది.

ఎండాకాలం దాటింది. నా మూలల్లో చివరి రోజు మట్టి ఎండి బీటలు వారింది. నాగరాయుడు సాయంత్రాలు తాళం తీసి, నేనున్నానో లేదో చూసుకుంటాడు. ఆయన నన్ను కూడా నమ్మడు. రోడ్డు మీద ఆటో ఆగితే దిగ్గున లేచి గుమ్మంలోకి వెళ్తాడు.

నేనూ చెవి ఒగ్గుతాను.