కాలర్ ఒక్కటే

నాలుగేళ్ళ తర్వాత, తాళాలు వేసిన ఆ చొక్కాల షెడ్డులోంచి పోలీసులు చెల్లెల్ని బయటికి తెచ్చినప్పుడు, అక్క ఏడవాల్సినంతా ఏడ్చింది. ఆఖరికి ఒక్క మాట పట్టుకుని నిలదొక్కుకుంది: గుడ్డిలో మెల్ల, పనైతే నేర్చుకుంది కదా.

ఆ మాట అక్కకి ఎంత అవసరమో ఎవరికీ తెలీదు. పనులిప్పించే ఆవిడ వ్యాను తెచ్చిన రోజు చెల్లెలు వెళ్ళనని మొరాయించింది. కుట్టుపని నేర్పిస్తారట, బతుకు బాగుపడుతుందని నచ్చజెప్పి, సంచి సర్ది, చెయ్యి పట్టుకుని ఎక్కించింది అక్కే.

అందుకే ఇవాళ తను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో చీవాట్లు తిని మరీ సెలవు పెట్టింది. వీధి చివర టైలరు మాస్టరుకి మనిషి కావాలి. ఆయన షరతు ఒక్కటే: కత్తిరించిన ముక్కలిస్తాడు, సాయంత్రానికి చొక్కా కుట్టి చూపించాలి. నాలుగేళ్ళు అదే పని చేసిందని అక్క కాస్త గొప్పగానే చెప్పింది.

ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ అక్కకి విసుగే. నీళ్ళు తాగనా అని అడిగింది చెల్లెలు. చెప్పులు వేసుకోనా అని అడిగింది. షెడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచీ రోజుకి ఇరవైసార్లు ఇదే వరస. నీళ్ళు తాగడానికి నన్నడగడమేమిటే అని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంటే, బుద్ధిగా తలూపి, గంట తర్వాత మళ్ళీ అడుగుతుంది. గోడకి చెప్పినా ఈపాటికి వినేది.

మిషను ముందు కూర్చోగానే మాత్రం వేరే మనిషైపోయింది. పావుగంటలో కాలర్ తయారు. మాస్టరు కళ్ళజోడు పైకి తోసుకుని, రెండు మొనలూ వేలితో తడిమి, ముప్పయ్యేళ్ళలో ఇంత తీరైన కాలర్ చూళ్ళేదన్నాడు. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత చెల్లెలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కానివ్వమంటే, మిగతా ముక్కలన్నీ పక్కకి జరిపి, పీలికల బుట్టలోంచి గుడ్డ ఏరుకుని ఇంకో కాలర్ కుట్టింది. ఆ పైన మరోటి. సాయంత్రానికి బల్ల మీద ఆరు కాలర్లున్నాయి, చొక్కా లేదు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు చూసి నవ్వుకుని పోయారు.

అక్కకి ఒళ్ళు మండింది. పిలిచి పనిస్తామంటే మొండికేస్తావా, నీ కోసం ఇంకా ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాలి అని నలుగురి ముందే దులిపేసింది. చివరికి మాస్టరే స్టూలు దగ్గరికి లాక్కుని, చొక్కా చెయ్యి ముక్క తీసిచ్చి, ఇది ఎక్కడ కలుపుతారమ్మా అని మెల్లిగా అడిగాడు.

చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలీదండీ. నాది కాలరే. మిగతావి వేరే గదుల్లో కుట్టేవాళ్ళు. తలెత్తి చూస్తే కొట్టేవాళ్ళండీ."

మాస్టరు ఆ ముక్క తీసుకుని మడత పెట్టాడు. చెల్లెలు అక్క వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"పని నేర్పిస్తారన్నావు కదక్కా. నేర్పలేదు."

రేపట్నుంచి రమ్మని, మొదట్నుంచి తనే నేర్పుతానని మాస్టరు ఏదో అంటున్నాడు. అక్క చెవికెక్కడం లేదు. ఇన్నాళ్ళూ పట్టుకుని వేళ్ళాడిన ఆ ఒక్క మాటా పోయింది. తనే ఎక్కించిన వ్యాను మాత్రం మిగిలింది.

"అక్కా, నీళ్ళు తాగనా?"

చెల్లెలు సీసా చేతిలో పట్టుకుని, మూత తియ్యకుండా, అక్క మొహం వంకే చూస్తూ కూర్చుంది.