మావయ్య భోజనానికొచ్చిన ఆదివారం

ఈల మావయ్య మంత్రి అయ్యాక మా ఇంటికి రావడం అదే మొదలు. ఆదివారం భోజనానికొస్తానని కబురు పెట్టాడు. ఎందుకొస్తున్నాడో నాకు తెలుసు. కొత్త వంతెన కూలి నలుగురు పోయారు. దానికి వాడాల్సిన సిమెంటుని మావయ్య కొడుకు కట్టిస్తున్న హోటలుకి తోలింది మా నాన్న లారీయే. తోలమన్నది మావయ్యే. మిగతా డ్రైవర్లంతా నోళ్ళు కట్టేసుకున్నారు. సోమవారం విచారణలో నాన్న వంతు. చెబితే మావయ్య మనుషులు ఊరుకోరని నా భయం. నా పిల్లకింకా ఏడాది నిండలేదు. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, దాన్నెత్తుకుని వెనక గదిలోకి పోతున్నాను.

"చెప్పకు నాన్నా" అని వారం నుంచీ పోరుతున్నాను. శనివారం సాయంత్రానికి మెత్తబడ్డాడు. "సరేలే, నీ కోసం" అన్నాడు.

మావయ్యంటే సొంత మావయ్య కాదు. నాన్నా ఆయనా అడవిలో ఒకే దళంలో తుపాకులు మోశారు. అమ్మని చెల్లీ అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య, నాన్నకి బావ. నేను పుట్టింది అక్కడే. మావయ్య భుజాల మీద కూర్చుని వాగులు దాటడం, తడిసిన చెప్పులు నిప్పు దగ్గర ఆరబెడితే వచ్చే కమురు వాసన, నాకు జ్వరమొస్తే ఆయన ఈలవేసి నిజం పిట్టల్ని బదులు పలికించడం... కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అవే. బయటికొచ్చాక ఇళ్ళు మారడం, బళ్ళు మారడం, ఎనిమిదితో నా చదువు ఆగిపోవడం. లోకానికి అడవంటే భయం. నాకు భయమన్నది ఊళ్ళోకొచ్చాకే తెలిసింది.

చెప్పిన వేళకే వచ్చాడు. గుమ్మంలోనే నాన్న ఆయన పొట్ట తట్టి, "ఏం బావా, ఇదెక్కడ దాచావ్? అప్పట్లో సోదాల్లో దొరకలేదే!" అన్నాడు.

"ప్రజలు పెంచారు బావా, నాదేముంది" అని మావయ్య ఇల్లదిరేలా నవ్వాడు.

పిల్లని ఒళ్ళోకి తీసుకుని ఈల వెయ్యబోయాడు. గాలే వచ్చింది. "కట్టుడు పళ్ళమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. పోయిన అమ్మని తలుచుకుని బావలిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఈయన మనకేం చేస్తాడులే అని నేనూ స్థిమితపడి వడ్డించాను.

మావయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాన్న కంచం ముట్టలేదు. కిటికీలోంచి గేటు వైపే చూస్తున్నాడు. అక్కడ మావయ్య అంగరక్షకుడు, జుట్టు నెరిసిన మనిషి, తుపాకీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఆయన తిన్నాడా బావా?"

"వాడికేం, తర్వాత ఎక్కడో తింటాడు. నువ్వు కానీ."

నాన్న లేచాడు. తన కంచమే పట్టుకెళ్ళి ఆ అంగరక్షకుడి చేతిలో పెట్టాడు. మెట్ల మీద నీడలో కూర్చోబెట్టి, తినేదాకా తనే గేటు దగ్గర నిలబడ్డాడు. అడవిలో కాపలా మనిషి తిన్నాకే మిగతావాళ్ళకి వడ్డన. ఆ పద్ధతి పెట్టింది ఈల మావయ్యే. ఒకసారి గంజి చాలకపోతే తను పస్తుండి, కాపలాలో ఉన్న అమ్మకి తన వాటా పంపాడట. అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో! మావయ్యకి అదేదీ తట్టినట్టు లేదు. "మీ నాన్న చాదస్తం ఇంకా పోలేదమ్మాయ్" అని నవ్వి, మళ్ళీ కూర వేయించుకున్నాడు.

వెళ్ళబోతూ అసలు మాట బయటపెట్టాడు. "రేపు గుర్తులేదని చెప్పెయ్ బావా. పసిపిల్ల ఉన్న ఇల్లు." ప్రేమగానే అన్నాడు. నా వైపు చూస్తూ అన్నాడు. నేను పిల్లని దగ్గరికి లాక్కున్నాను.

"నాకన్నీ గుర్తున్నాయి బావా. అదే నా రోగం" అన్నాడు నాన్న.

కారు మలుపు తిరిగాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నీకు మాటిచ్చాను తల్లీ. నువ్వు వద్దంటే ఇప్పటికీ చెప్పను."

వద్దనడానికే నోరు తెరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. నన్ను భుజాల మీద మోసిన ఆ మనిషి ఇక ఎక్కడా లేడు. నాన్న నా తల నిమురుతూ కూర్చున్నాడు.

"పొద్దున్నే పిల్లని మా అత్తగారింట్లో దింపుదాం" అన్నాను కాసేపటికి. "అక్కణ్ణించి విచారణకి నేనూ నీతో వస్తాను."

నాన్న తలూపి, చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి లేచాడు. నేను పిల్ల బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టాను.