పిన్ని మూతి కనిపించేంత తెర

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి. కుళాయికి వాషర్ మార్చాలి. అమ్మ కళ్లద్దాలకు మర బిగించాలి. ఇంటికి ఒక లాప్‌టాప్ కొనాలి. మరీ చవకది కాదు, మరీ ఖరీదైనదీ కాదు, మధ్యరకం. డబ్బు కట్టేముందు దాని స్పీకర్లు పరీక్షించాలి. పిన్నికి ఏ వేళ తీరికో కనుక్కోవాలి.

ఆ లాప్‌టాప్ వాడబోయే అమ్మను ఒక్క మాట అడగాలి అన్నది మాత్రం ఈ పనుల్లో లేదు. ఎందుకుంటుంది? మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఇంట్లో టార్చిలైటు వెలగకపోయినా నన్నే పిలుస్తారు. బ్యాటరీ తిప్పి వేస్తాను. వెలుగుతుంది. "చదువుకున్నవాడు కదా" అంటారు. విని విని నాకూ నమ్మకం కుదిరిపోయింది.

అమ్మా, పిన్నీ నేత మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. ఆ షెడ్డులో అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతు పెట్టకుండా, పెదాలు మాత్రం పెద్దగా, నిదానంగా కదిపి మాట్లాడుకునేవాళ్లు. మగ్గాల మోతకు అమ్మ చెవులు పోయాయి. ఆ పెదాల మాట మాత్రం మిగిలింది. పిన్ని ఎదురింట్లో ఉన్నంతకాలం ఇద్దరూ సాయంత్రం ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని, చప్పుడు చేయకుండా వీధి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు.

కిందటేడు పిన్ని దూరంగా కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఫోనులో మధ్యవర్తిని నేనే. పిన్ని పావుగంట సేపు చెప్పిందంతా విని, "బాగానే ఉందట" అని అమ్మ చెవిలో అరిచేవాణ్ణి. వీడియోలో చూద్దామంటే ఫోను తెర అమ్మ కళ్లకు ఆనదు.

"మీ పిన్నితో నేను మాట్లాడాలిరా. నువ్వు కాదు" అంది అమ్మ ఒకరోజు.

లాప్‌టాప్ ఆలోచన అలా పుట్టింది. నా బుర్ర వెంటనే పనిచేసింది. అమ్మకు వినపడదు, కాబట్టి గట్టిగా వినిపించేదే కొనాలి.

షాపులో అమ్మే అమ్మాయి ప్రాసెసర్ గురించీ ర్యామ్ గురించీ చెబుతుంటే, అన్నీ తెలిసినట్టు తలాడించి, "సౌండ్ పెంచమ్మా" అన్నాను. పెంచింది. "ఇంకా" అన్నాను. పక్కన మిక్సీ బేరమాడుతున్న పెద్దాయన చెవులు మూసుకున్నాడు. అదే ఖాయం చేశాను. తెర చిన్నదే, కానీ పుస్తకంలా చంకలో పెట్టుకుపోవచ్చు. గుమ్మం దాటని అమ్మ దాన్ని చంకలో పెట్టుకుని ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

ఇంటికొచ్చి పిన్నికి వీడియో కాల్ చేశాను. "అక్కా!" అన్న కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. పైవాటా ఆయన పరుగున దిగొచ్చి, "ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగాడు.

అమ్మకు మాత్రం ఏమీ కాలేదు. కళ్లద్దాలు సర్దుకుని, ముక్కు తెరకు తగిలేంత ముందుకు వంగింది. అవతల పిన్నీ వంగింది. తెర నిండా పిన్ని నుదురే. ఇద్దరూ వెనక్కి జరిగితే పిన్ని మూతి గోరంత. పైగా కిటికీ వెలుగు తెర మీద పడి, అమ్మకు తన ముఖమే కనిపిస్తోంది.

"ఎలా ఉందమ్మా?" అని అరిచాను.

"చాలా బాగుందిరా. మంచిది కొన్నావు" అని మెల్లగా మూసేసి, దాని మీద శుభ్రమైన గుడ్డ కప్పింది.

సాయంత్రం అలవాటుగా గుమ్మంలో కూర్చుంది. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లు తలుపు వేసుకుని ఉన్నారు. ఆ తలుపు వైపే చూస్తోంది.

"సౌండు మొత్తం తీసేసినా అత్తయ్యకి తేడా తెలిసేది కాదు" అంది మా ఆవిడ. "మీరు కొన్నది రేడియో."

"ముందే చెప్పొచ్చుగా?"

"అడిగారా? చదువుకున్నారు, మీకు తెలుసనుకున్నాం."

ఆ మాట నాకు మొదటిసారి తిట్టులా వినిపించింది.

మర్నాడు అమ్మను వెంటబెట్టుకుని షాపుకి వెళ్లాను.

"స్పీకర్లలో లోపమా సార్?" అంది అమ్మాయి.

"లేదమ్మా. నాలో."

పాపం, నవ్వు ఆపుకుని మార్చడానికి ఒప్పుకుంది. ఈసారి అమ్మను తెర ముందు కూర్చోబెట్టి, సౌండు పూర్తిగా తీసేయమన్నాను. నేను ఫోను పట్టుకుని ఫ్యాన్ల వరస వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి వీడియో కాల్ చేశాను. గొంతు పెట్టకుండా, పెదాలు సాగదీసి, 'తిన్నావా అమ్మా' అన్నాను. ఫ్యాన్లు చూడటానికొచ్చిన ఒకావిడ పిల్లను దగ్గరికి లాక్కుంది.

చూపించినవాటిలో మొదటిదాంట్లో తెర మెరుపు అడ్డొచ్చింది. రెండోదాంట్లో, "వీడి మూతి తెగి తెగి వస్తోంది" అంది అమ్మ. మూడోది పెద్ద తెర, మెరుపు లేనిది. బరువు ఇటుకంత. స్పీకర్లు ఉన్నాయంటే ఉన్నాయి, గొణుగుతాయి.

"తిన్నానుగా, నీ ముందే!" అని షాపంతా తిరిగి చూసేలా అరిచింది అమ్మ.

అదే తెచ్చుకున్నాం. కిటికీకి ఎదురుగా కాకుండా గోడవైపు పెట్టాను. పిన్ని కనిపించింది. ఇద్దరి పెదాలూ కదలడం మొదలైంది. ఒకచోట అమ్మకు నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే, చెయ్యి తియ్యమని పిన్ని సైగ చేసి కసిరింది. ఇద్దరూ నా వైపు చూశారు. మళ్లీ భుజాలు ఊగిపోయేలా నవ్వారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"పిన్ని ఏమంటోందమ్మా?" అని అరిచాను.

"బాగానే ఉందట" అంది అమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మీరూ ఎప్పుడైనా ఇంటికి మధ్యరకం లాప్‌టాప్ కొనడానికి వెళితే, సౌండ్ పెంచమని అడిగే ముందు, తెర అవతల మూతి పెద్దగా కదుపుతూ కూర్చున్న మా పిన్నిని ఒక్కసారి తలచుకోండి.