పదో ముక్క

పిల్లల స్కూలు బ్యాగు బోర్లించి దులిపితే ఏం రాలుతుందో దులిపినవాళ్లకే తెలుస్తుంది. బిస్కెట్ పొడి, చాక్లెట్ పెచ్చులు, పోయిన నెల తినకుండా దాచేసిన శాండ్‌విచ్ అంచు, కాగితంలో చుట్టిన ఒక పాలపన్ను. పన్ను ఎవరిదో కనుక్కుందామని పక్కన పెట్టి, మిగతాదంతా చేటలోకి ఎత్తాను. రేపు సాయంత్రం నుంచి పెసాఖ్, మా యూదుల పండగ. ఎనిమిది రోజులపాటు పులిసిన పిండి అన్నది ఇంట్లో గానీ బడిలో గానీ రవ్వంత కూడా ఉండకూడదు. ఉండకూడదని చెప్పడానికి చాలామంది ఉన్నారు. లేకుండా చెయ్యడానికి మూడు వారాలుగా నేనూ, వంటమనిషి ఎల్బా ఉన్నాం.

అసలు ఇది నా ఉద్యోగం కాదు. ఈ బళ్లో నేను లైబ్రరీ చూసుకుంటాను, అదీ ఒంటిపూట. మా ఆయన సౌల్ ఇక్కడ హీబ్రూ చెప్తాడు, పండగలూ ఆచారాలూ నేర్పుతాడు. పిల్లలు ఆయన్ని మోరె సౌల్ అంటారు, నన్ను మోరా పెర్లా అంటారు, హీబ్రూలో టీచరని. ఆయన భార్యని కాబట్టి పదకొండేళ్ల కిందట ఒక ఏడాది సాయం పట్టమన్నారు. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు. మార్చిలో పూరిం వేషాలకి అట్టముక్కలతో కిరీటాలు కత్తిరించేది నేను. సెప్టెంబర్లో పెరట్లో ఆకుల పందిరి వేసే రోజున నిచ్చెన ఎక్కేది నేను. డిసెంబర్లో మా ఊరు రోసారియోలో నడివేసవి, ఊరికే నిలబడితేనే చెమటలు కారతాయి, అప్పుడు హనూకా పండక్కని నూనె మూకుడు ముందు నిలబడి రెండు వందల డోనట్లు వేయించేదీ నేనే. ఫొటోల్లో మాత్రం ఉండను. ఫొటో తీసేటప్పుడు ఎవరో ఒకరికి చెంచాలు తక్కువ పడతాయి.

మా అత్తగారు ఫ్రీదా ప్రతి పండక్కీ ఒకే మాట అంటుంది. "మా సౌల్ చేతిలో కొవ్వొత్తి పట్టుకుంటే ఎంత కళగా ఉంటాడో చూడు, అచ్చం వాళ్ల నాన్నే." వాళ్ల నాన్న కొవ్వొత్తి పట్టుకున్నప్పుడు మీరెక్కడ ఉండేవారని ఒకసారి అడిగాను. "ఎక్కడుంటానే, వంటింట్లో," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మంగళవారం నాడు ఆఫీసులో నోర్మా ఆ మాట చెప్పకపోయి ఉంటే ఈ ఏడు కూడా అలాగే గడిచిపోయేది. నోర్మా మా ప్రిన్సిపాల్ బెర్తా దగ్గర కాగితాలు చూస్తుంది. నేను సంతకం పెడుతుంటే, "నువ్వు వద్దన్నావటగా, మంచిపని చేశావులే, లేనిపోని తలనొప్పి," అంది.

"ఏం వద్దన్నాను?"

నోర్మా నా మొహం చూసి నాలిక కరుచుకుంది. కానీ మొదలుపెట్టిన మాట మింగడం ఆమెకి చేతకాదు. "అదే, పండగల బాధ్యతని ఇకనుంచి ఉద్యోగంగా పెడుతున్నారుగా. పేరూ, గదీ, పనిగంటలూ అన్నీ ఉంటాయి. బెర్తానే కమిటీని ఒప్పించింది, నీకోసమే. సౌల్‌ని అడిగితే, ఆమెకవన్నీ ఎందుకు, ఎలాగూ చేస్తూనే ఉందిగా, మాకిద్దరికీ ఇలాగే బాగుంది అన్నాట్ట. అందుకని కోర్దోబా నుంచి ఒకాయన్ని పిలుస్తున్నారు. గురువారం సాయంత్రం కల్లా కమిటీకి ఆయన పేరు రాసి పంపాలి." కాస్త ఆగి, నన్ను ఓదార్చడానికన్నట్టు, "ఆయన కొత్తకదా, నువ్వు పక్కనుండి అన్నీ చూపిస్తావులే," అని కూడా అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి సౌల్ చెప్తాడేమోనని చూశాను. సూప్ తాగుతూ ఉప్పు అడిగాడు. బుధవారం కూడా చూశాను. ప్లేట్లు తీస్తుంటే, "పెర్లా, ఒక మాట," అన్నాడు. చేతిలో ప్లేట్లు మళ్లీ బల్ల మీద పెట్టేశాను. "ఈక ఉందా మనకి? పోయినేడుది చివర కాలిపోయింది," అన్నాడు. ఉందని చెప్పి ప్లేట్లు కడగడానికి వెళ్లాను. కడిగిన ప్లేటునే మళ్లీ కడిగాను. మనిషి మీద కోపం వస్తే అరవచ్చు. "మాకిద్దరికీ" అన్న మాట మీద కోపం వస్తే ఎవరి మీద అరవాలి? పైగా ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే టీ పెట్టి ఇస్తాడు. పిల్లలు ఆయన్ని చూస్తే వదలరు. ఇలాంటి మనిషి నా సమాధానం తన జేబులోంచి తీసి ఇచ్చేశాడంటే, అందులో తప్పేముందో నిజంగా ఆయనకి తట్టలేదన్న మాట. అదే నన్ను నిలవనివ్వలేదు. నిద్రలో కూడా ఏదో తుడుస్తూనే ఉన్నాను.

ఆ ఈక సంగతి ఏమిటంటే, పెసాఖ్ ముందు సాయంత్రం ప్రతి ఇంట్లోనూ కొవ్వొత్తి వెలుగులో రొట్టె తునకల కోసం వెతుకుతారు. ఈకతో ఊడ్చి చెక్క గరిటెలోకి ఎత్తి, పొద్దున కాల్చేస్తారు. మా ఇంట్లో వెతికేది మా ఆయనే. పెళ్లయిన మొదటి ఏడు నేను చేతులు పుళ్లు పడేలా ఇల్లంతా కడిగాను. ఏమీ దొరకదని గర్వంగా చెప్పాను. "అయ్యో, ఏమీ దొరక్కపోతే నేను చదివిన ప్రార్థన వృథా అవుతుంది కదా," అన్నాడు సౌల్. "పది ముక్కలు నువ్వే దాచిపెట్టు, నేను వెతుకుతాను. మా అమ్మ అలాగే చేసేది." మూడు వారాలు శుభ్రం చేసి, ఆఖరికి నేనే పది చోట్ల రొట్టె పెట్టి, ఆయన దాన్ని కనిపెడితే మెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి మెచ్చుకున్నాను కూడా.

బళ్లో కూడా అదే. పండగ ముందు రోజు, చిన్న తరగతులవాళ్లకి చూపించడానికి, పగటిపూట హాల్లో తెరలన్నీ దించి చీకటి చేస్తాం. గురువారం పొద్దున్న బ్యాగుల పనయ్యాక పది ముక్కలు కాగితాల్లో చుట్టుకుని బయల్దేరాను. పియానో వెనక ఒకటి, జెండా కర్ర కింద ఒకటి, గడియారం మీద ఒకటి. ఆరింటి నుంచీ నా నోట్లో పచ్చి మంచినీళ్లు కూడా పడలేదు. తొమ్మిదోది కిటికీ మూలన పెడుతుండగా వంటింట్లోంచి ఎల్బా కేక: "పెర్లా, గుడ్లు ఎన్ని ఉడకెయ్యాలి?" చెప్పేలోగా నోర్మా: "పెర్లా, మైకు పనిచెయ్యట్లేదు." అది చూసేలోగా ఎవరో తల్లి వచ్చి మా పాప తెల్ల చొక్కా మరిచిపోయిందంది. అంతలో పిల్లలు వరసలో వచ్చేశారు.

సౌల్ కొవ్వొత్తి వెలిగించాడు. నిజం చెప్పొద్దూ, కళగానే ఉన్నాడు. మునివేళ్ల మీద నడుస్తూ, గొంతు తగ్గించి, "ఇక్కడేమన్నా ఉందంటారా?" అని అడుగుతుంటే అరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ముక్క దొరికినప్పుడల్లా రెండో తరగతి తమారా గట్టిగా లెక్కపెట్టింది. ఈ పిల్లకి ఎవరి మాటా సరిపోదు, తనే మళ్లీ లెక్కపెట్టుకుంటుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అక్కడ ఆగిపోయింది. సౌల్ పియానో చుట్టూ ఇంకోసారి తిరిగాడు. కుర్చీల కింద వంగి చూశాడు. కొవ్వొత్తి మైనం వేలి మీద పడి చురుక్కుమంది కాబోలు, చెయ్యి విదిలించాడు.

"పెర్లా, పదోది ఎక్కడ పెట్టావు?"

నాకు గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు. తల్లులూ టీచర్లూ అందరూ వెనక్కి తిరిగి చూశారు. బెర్తా కూడా చూసింది.

"చూశారా పిల్లలూ," అన్నాడు సౌల్ నవ్వుతూ, "మోరా పెర్లా లైబ్రరీలో ఉంటుంది కదా, ఆమెకి అక్షరాలు వచ్చు గానీ అంకెలు రావు."

పిల్లలు పడీపడీ నవ్వారు. తల్లులు కూడా నవ్వారు. ఏం చెయ్యాలో తోచక చేతిరుమాలు కోసం ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టాను. కాగితపు పొట్లం తగిలింది.

"ఏం ఫరవాలేదు," అంటున్నాడు సౌల్. "మన పెద్దవాళ్లు దీనికి కూడా దారి చూపించారు. వెతకడం అయ్యాక ఒక మాట చెప్తాం. నేను చూడనిదీ, నాకు తెలియనిదీ ఏదైనా ఈ ఇంట్లో మిగిలిపోతే, అది లేనట్టే, నేల మీది దుమ్ముతో సమానం అని. అంతే, సరిపోతుంది."

ఈ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. అట్టల మీద రంగుల్లో రాసి గోడకి అంటించిందీ నేనే. ఈసారి మాత్రం అది నాకు అడ్డం పడింది. ఆయన చూడనిది లేనట్టే. బ్యాగులు, నిచ్చెన, నూనె మూకుడు, గీసుకుపోయిన ఈ పది వేళ్లు, అన్నీ దుమ్మే. దుమ్ముని ఏ ఉద్యోగం కావాలని ఎవరు అడుగుతారు? సాయంత్రం నోర్మా కాగితం పంపేస్తుంది. ఇకనుంచి కోర్దోబా ఆయనకి చీపురు ఎక్కడుందో చూపిస్తూ నేను ఇంకో పదకొండేళ్లు సాయం పడతాను. నేనిప్పుడు చెయ్యి జేబులోనే ఉంచుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. పండగ కూడా చక్కగా జరిగిపోతుంది.

"మోరె సౌల్, చూడకపోతే లేకుండా ఎలా పోతుంది?" అంది తమారా.

"పోదు," అన్నాను నేను. వరసల మధ్యలోంచి నడిచి ముందుకి వచ్చి పొట్లం విప్పి చూపించాను. "ఇదిగో. నా దగ్గరే ఉంది."

"హమ్మయ్య," అని సౌల్ గరిటె ముందుకి చాచాడు. "ఇటు వెయ్యి."

వెయ్యలేదు. "బెర్తా, మీరు సౌల్‌ని అడిగిన ప్రశ్న నన్నడగండి," అన్నాను.

"ఇప్పుడా, పెర్లా? పిల్లల ముందా?"

"నాకు లెక్కలు రావని సౌల్ పిల్లల ముందే అన్నాడుగా."

బెర్తా అలవాటుకొద్దీ సౌల్ వైపు చూసింది. సౌల్ మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తెలియనట్టు. "పెర్లా, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు మెల్లిగా.

"రెండు రోజులు ఇంట్లో ఎదురుచూశాను సౌల్. నువ్వు ఈక గురించి మాట్లాడావు."

వెనక ఎవరో తల్లి దగ్గింది. వంటింటి తలుపు దగ్గర ఎల్బా తడిచేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. బెర్తా రెండడుగులు నా వైపు వేసింది. "పండగల బాధ్యత తీసుకుంటావా, పెర్లా? ఉద్యోగంగా," అని అడిగింది.

"తీసుకుంటాను," అన్నాను. వంటింటి తలుపు వైపు చెయ్యి చూపించాను. "ఎల్బా కూడా నాతో ఉండాలి, ఆమె పేరు కూడా రాయాలి."

అప్పుడు ఆకలి గుర్తొచ్చింది. రొట్టె తినడానికి రేపు పొద్దుటిదాకా టైముంది. పదో ముక్క నోట్లో వేసుకుని, అరవై మంది పిల్లలు చూస్తుండగా నిదానంగా నమిలి మింగాను. ఈసారి పిల్లల నవ్వు వేరేలా వినిపించింది.

"వచ్చే ఏడు కొవ్వొత్తి నేను పట్టుకుంటాను," అన్నాను. "ముక్కలు దాచేది సౌల్."

తమారా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మోరె సౌల్‌కి దాచడం వచ్చా?"

"నేర్చుకుంటాడు. ముందు మీ బ్యాగులన్నీ దులపాలి."